ఆ చేప ఏం తింటది?
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "ఇంజనీరింగ్ రంగంలో అవకాశాలు" అనే విషయం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. సరే అన్నాను. విమానంలో కూర్చుని రాద్దామంటే రెండు పేజీలు దాటలేదు. ఆ అవకాశాల సంగతి మన పిల్లలకు నాకంటే బాగా తెలుసు. అందుకని నాకు తెలిసిన ఇంకో సంగతి చెబుతాను. కార్యదర్శి గారు మన్నించాలి. పోయిన ఆగస్టులో ఒక శని, ఆదివారాలు నేను చేపలు పట్టడానికి పోయాను. ఆ సంగతి.

నేను 1986లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. వరంగల్ ఆర్‌ఈసీలో మెకానికల్ చదివి, కొన్నేళ్లు హైదరాబాదులో పనిచేసి, తర్వాత అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి పోయాను. డెట్రాయిట్ పక్కన కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం. మా ఇంటి నుంచి నాలుగు గంటలు కారు నడిపితే మిషిగన్ సరస్సు ఒడ్డున లడింగ్టన్ అనే చిన్న ఊరు వస్తుంది. సరస్సు అంటే మన చెరువులాంటిది అనుకోకండి. దాని విస్తీర్ణం సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ రాష్ట్రంలో సగానికి పైనే. మన పాకాల చెరువులు రెండు వేల దాకా అందులో పడతాయి. లోతు ఒకచోట 281 మీటర్లు. నీళ్లు మాత్రం ఉప్పు కాదు, మంచినీళ్లే.

అక్కడ సాల్మన్ అనే చేపను పట్టే పద్ధతిని ట్రోలింగ్ అంటారు. ఇక్కడున్న పిల్లలు నవ్వుతున్నారు. ఈ రోజుల్లో ట్రోలింగ్ అంటే ఫోన్లో పదిమంది కలిసి ఒకణ్ని ఎగతాళి చేయడం. ఆ ట్రోలింగ్ గురించీ చెబుతాను, ముందు చేపలది చెప్పనివ్వండి. మనం కట్ట మీద కూర్చుని గాలం వేసి, బెండు మునిగేదాకా చూస్తాం. వాళ్లు అట్లా కూర్చోరు. పడవను మనిషి నడకంత వేగంతో నడుపుతూ, ఎరలను నీళ్లలో వెంట లాక్కుంటూ పోతారు. ఆ ఎర నిజమైన చేప కాదు. చెంచా ఆకారంలో ఉండే రంగు రేకు. నీళ్లలో అటూ ఇటూ మెరుస్తూ పోతుంటే చిన్న చేప ఈదుతున్నట్టే ఉంటుంది.

శనివారం పొద్దున ఐదు గంటలకు, ఇంకా చీకటి ఉండగానే బయలుదేరాం. నేను, మా అబ్బాయి, నాతో పనిచేసే ఇద్దరు. పడవ యజమానే కెప్టెన్, అరవై దాటిన మనిషి. ఆయన టార్చిలైటుతో రేకుల మీద వెలుగు కొట్టి నీళ్లలోకి వదిలాడు. అవి చీకట్లో ఆకుపచ్చగా వెలుగుతూ దిగిపోయాయి.

ఇంజనీరును కాబట్టి నా చూపంతా ఆ యంత్రం మీదే ఉంది. సాల్మన్ చల్లనీళ్ల చేప. ఎండాకాలం పైనీళ్లు వేడెక్కితే లోతుకు దిగుతుంది. ఆ లోతుకు ఎరను దించడానికి, బరువైన గుండును తీగకు కట్టి కిందికి వదులుతారు. దాన్ని డౌన్‌రిగ్గర్ అంటారు. గాలం దారాన్ని ఆ తీగకు ఒక క్లిప్పుతో పట్టిస్తారు. చేప ఎరను అందుకుంటే దారం క్లిప్పులోంచి ఊడుతుంది, వంగి ఉన్న కర్ర టక్కున నిటారుగా లేస్తుంది. అప్పుడు ఆ కర్ర అందుకుని రీలు తిప్పాలి. ఎంత సులువైన ఏర్పాటు! ఒక్క మోటారు లేదు, ఒక్క సెన్సారు లేదు.

ఏడు గంటల ప్రాంతంలో ఒక కర్ర లేచింది. మా అబ్బాయి పట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. వాడు రెండు బారలు చుడితే చేప పది బారలు లాక్కుపోయేది. చివరికి కెప్టెన్ వలతో పైకి తీశాడు. చినూక్ సాల్మన్, తొమ్మిది కిలోలు. మా వాడి చేతులు వణుకుతున్నాయి. నావి కూడా.

కెప్టెన్ మాత్రం చేప ముఖం చూడలేదు. తిప్పి వీపు చూశాడు. తోక దగ్గర వీపు మీద ఉండాల్సిన చిన్న రెక్క లేదు. "దీని తల కోసి ఇవ్వాలి" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పాడు. కేంద్రంలో పెంచి వదిలే పిల్లకు ఆ రెక్క కత్తిరిస్తారట. ముక్కు లోపల ఒక మిల్లీమీటరు పొడవున్న తీగముక్క పెడతారట. దాని మీద నంబరు ఉంటుంది. ఒడ్డుకు చేరాక ఒక అమ్మాయి అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చింది. ఎంతసేపు తిరిగారు, ఎన్ని పట్టారు, ఏ చేప ఎంత బరువు అని రాసుకుంది. తల తీసుకుని సంచిలో వేసి చీటీ కట్టింది. ఆ నంబరు చూసి, ఈ చేపను ఏ ఏడు ఏ నది దగ్గర వదిలారో చెప్పగలరు. లక్షల్లో వదిలిన పిల్లల్లో ఎన్ని బతికాయో, ఎంత దూరం పోయాయో లెక్క తేలుతుంది.

ఇక్కడ ఒక సంగతి మీకు వింతగా ఉంటుంది. మిషిగన్ సరస్సులో ఇప్పుడున్న సాల్మన్ అక్కడి చేప కాదు. పసిఫిక్ సముద్రం వైపు చేప. ఆ సరస్సులో మొదట ట్రౌట్ అనే పెద్ద చేప ఉండేది. సముద్రం నుంచి కాలువల గుండా లాంప్రే అనే రక్తం పీల్చే జీవి వచ్చి వాటిని మింగేసింది. తినే పెద్ద చేప లేకపోయేసరికి, అదే దారిన వచ్చిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేప విపరీతంగా పెరిగింది. 1967లో అవి గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చి, వాసనకు ఊళ్లు నిలవలేకపోయాయి. దానికి ఒక ఏడాది ముందే, 1966లో, హోవర్డ్ టానర్ అనే మత్స్యశాఖ అధికారి ఓరెగాన్ రాష్ట్రం నుంచి తెప్పించిన గుడ్లతో పెంచిన సాల్మన్ పిల్లలను వదిలించాడు. అవి ఆ చిన్న చేపలను తిని బలిసి, ఊళ్లకు కొత్త బతుకు తెచ్చాయి.

ఆదివారం పొద్దున గాలి లేచింది. కెప్టెన్ పడవ తీయనన్నాడు. డబ్బు కట్టాం కదా, ఒక గంట పోయి వద్దామన్నాను నేను. ఆయన కోప్పడలేదు. 1967 సెప్టెంబరులో ఇదే సరస్సు మీద, చేపల ఆశకు చిన్న పడవల్లో పోయి, ఒక్క గాలివానకు ఏడుగురు చనిపోయారని చెప్పి, కాఫీ పోశాడు. నేను నోరు మూసుకున్నాను.

గదిలో కూర్చున్నాను. అక్కడ పొద్దున తొమ్మిది, ఇక్కడ సాయంత్రం ఆరున్నర. నా చిన్ననాటి మిత్రుడికి వీడియో కాల్ చేశాను. వాడి పేరు చెప్పను. చెప్పొద్దని వాడే అన్నాడు. వాడు మన చెరువు మీద బతికే ఇంటివాడు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో నేను, వాడు ఒకే బెంచీ. మూడేళ్ల కింద మా నాయన దినాలకు వచ్చినప్పుడు, దాదాపు నలభై ఏళ్ల తర్వాత చెరువు కట్ట మీద కనిపించాడు. అప్పటినుంచి నెలకోసారి మాట్లాడుకుంటాం.

చేప ఫోటో చూపించాను. తొమ్మిది కిలోలు అన్నాను. లోతు చెప్పాను, యంత్రం గురించి చెప్పాను, రెక్క కత్తిరించడం చెప్పాను. అంతా విన్నాడు. ఆహా ఓహో అనలేదు. ఒక్కటే అడిగాడు.

"గా చేప ఏం తింటదిరా?"

చిన్న చేపలు అన్నాను. "గవి ఏం తింటయ్? పెద్దయ్యి ఎన్ని ఇడ్సిండ్రు, చిన్నయ్యి ఎన్ని ఉన్నయ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం అదే ప్రశ్న కెప్టెన్‌ను అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఆయన పడవ అంతకుముందు ఇక్కడ కాదు, పక్కనున్న హ్యూరన్ సరస్సులో ఉండేది. అక్కడ కూడా సాల్మన్ పిల్లలను ఏడాదికేడాది వదిలారు. అవి నదుల్లో సొంతంగా కూడా పెరిగాయి. మరోవైపు నల్లసముద్రం ప్రాంతం నుంచి ఓడల అడుగున నింపే నీళ్లతో వచ్చిన ఒక రకం ఆల్చిప్పలు, నీళ్లలోని నాచును, సన్నపురుగును వడగట్టి తినేశాయి. చిన్న చేపకు తిండి పోయింది. 2003, 2004 నాటికి చిన్న చేప దాదాపు మాయమైంది. వలలో పడే సాల్మన్‌కు తల పెద్దది, ఒళ్లు సన్నది. "చూస్తేనే ఆకలి తెలిసేది" అన్నాడు. ఒకటి రెండేళ్లలో అవీ లేవు. పడవలు అమ్ముకున్నారు. ఆ దెబ్బ చూశాకే మిషిగన్ సరస్సులో వదిలే చినూక్ పిల్లలను 2013 నుంచి దాదాపు సగానికి తగ్గించారట.

అంత పెద్ద దేశం, అన్ని ప్రయోగశాలలు. వాళ్లు ఒక సరస్సు పోగొట్టుకుని నేర్చుకున్న ప్రశ్న, మన చెరువు కట్ట మీద కూర్చున్న వాడు మొదటి నిమిషంలోనే అడిగాడు.

వాడికి ఎట్లా తెలుసు? నిన్న వాడి దగ్గరికి పోయి అడిగాను. ఒక లెక్కల నోటుబుక్కు చూపించాడు. మన జనగామ గట్టు ప్రాంతం, ఎప్పుడూ నీళ్లకు మొహం వాచిందే. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల పథకంతో గోదావరి నీళ్లు వస్తున్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. 2016-17 నుంచి ప్రభుత్వం మత్స్య సహకార సంఘాలకు ఉచితంగా చేప పిల్లలు ఇస్తున్నది. ఏ తేదీన ఎన్ని వదిలారు, అప్పుడు నీళ్లు తూము దగ్గర ఎంత మట్టానికి ఉన్నాయి, ఎండాకాలం వలకు ఎన్ని వచ్చాయి, అన్నీ వాడు రాసి పెట్టాడు. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, రవ్వ నడిమి నీళ్లలో, మ్రిగాల అడుగున. మూడూ కలిపి వదిలితే ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డురాదు. కొర్రమట్టలున్న చెరువులో మరీ చిన్న పిల్లను వదిలితే వాటికి నైవేద్యం పెట్టినట్టే. నీళ్లు తక్కువున్న ఏడు పిల్లలు కూడా తక్కువే వదలాలని సంఘంలో కొట్లాడతాడట. అన్నీ బతకవు కదరా, ఎక్కువ పోస్తే ఎక్కువ వస్తాయి అంటారట కొందరు. "ఎక్కువ పోస్తే ఎక్కువ సస్తయ్" అంటాడు వాడు.

ఇక రెండో ట్రోలింగ్ సంగతి.

వాడు పొద్దున్నే వాళ్ల నాయనతో వల తీసి, చేపలు గంపకెత్తి, అటునుంచి అటే బడికి వచ్చేవాడు. ఒంటి మీద చేపల వాసన ఉండేది. వాడు తరగతిలోకి రాగానే మేమంతా ముక్కు మూసుకునేవాళ్లం. ఎవరో మొదలుపెట్టేవాళ్లు, మిగిలిన వాళ్లం కలిసేవాళ్లం. ఒకరోజు వాడి సంచి తీసి వరండాలో పెట్టారు. క్లాసు లీడరును నేను. సంచి ఎవరు పెట్టారో నాకు తెలుసు. పేరు బోర్డు మీద రాయాల్సింది నేనే. రాయలేదు. నవ్వాను. అదే బెంచీవాణ్ని, నవ్వాను. వాడు వరండాలోకి పోయి సంచి తెచ్చుకుని కూర్చున్నాడు. సార్లకు ఎవ్వరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు బడికి రావడం మానేశాడు. తొమ్మిదో తరగతి మధ్యలో.

ఆ ఆదివారం ఫోన్లో ఈ మాట నలభై ఏళ్ల తర్వాత నేనే ఎత్తాను. తప్పు చేశామురా అన్నాను. వాడు అన్న మాటను ఉన్నదున్నట్టు చెబుతాను.

"మీరు నవ్విండ్రని బడి ఇడ్వలేదురా. చెరువు ఎండింది, ఇంట్ల తిండి లేదు, నాయనెంబడి పట్నం మట్టిపనికి పోయిన. కని తెల్లారి ఏడాది చెరువు నిండింది. మేం తిరిగొచ్చినం. బడికి మల్ల రాకపోయింది మాత్రం గందుకే."

నా పక్కన మా అబ్బాయి ఉన్నాడు. వాడికి తెలుగు మాట్లాడటం తక్కువ, అర్థం మాత్రం అవుతుంది. "నువ్వు కూడా నవ్వావా నాన్నా?" అని అడిగాడు. నవ్వాను అన్నాను. ఇంతవరకు ఏ ఇంటర్వ్యూలోనూ నాకు అంత కష్టమైన ప్రశ్న రాలేదు.

సాల్మన్ గురించి ఇంకొక్క సంగతి. అది ఎంత దూరం పోయినా, మూడు నాలుగేళ్లకు తను పెరిగిన ఏటికే తిరిగి వస్తుంది. ఎట్లా గుర్తుపడుతుంది? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ హాస్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం 1970లలో ఇదే మిషిగన్ సరస్సు దగ్గర పరీక్ష చేశారు. పిల్లలుగా ఉన్నప్పుడు వాటి నీళ్లలో ఒక రసాయనం చుక్కలు కలిపారు. ఏడాదిన్నర తర్వాత అదే రసాయనాన్ని అవి ఎన్నడూ చూడని ఏట్లో కలిపితే, అక్కడికే వచ్చాయి. చేప వాసన పట్టుకుని ఇంటికి వస్తుంది. మనం వాసన పేరు పెట్టి ఒక పిల్లవాణ్ని ఇంటికి పంపాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ సభకు రమ్మని నిన్న వాణ్ని పిలిచాను. "నేనెందుకురా, నాకు పదో తరగతి లేదు గద" అన్నాడు. కాదు రా, రావచ్చు అని మన సంఘం సభ్యత్వ ఫారం తీశాను. అందులో నాలుగో గడి "పదో తరగతి పాసైన సంవత్సరం". వాడు చెప్పింది నిజమే. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కూడా వాడు లేడు. ఎందుకంటే ఆ గ్రూపు పేరు "1986 టెన్త్".

ఈ సంఘాన్ని నిలబెట్టిన పెద్దలను నేను తప్పు పట్టడం లేదు. వాళ్లు కష్టపడి యాభై ఏళ్లు నడిపారు కాబట్టే ఇవాళ ఈ మైకు ముందు నిలబడగలిగాను. ఆ ఫారం నేనూ నింపాను, ఎన్నడూ ఆ గడి నా కంటికి ఆనలేదు. కానీ ఒక ఇంజనీరుగా చెబుతున్నాను, మన లెక్క తప్పు. పెద్దగా ఎదిగి తిరిగొచ్చిన వాళ్లనే లెక్కపెట్టి, మా బడి గొప్పది అనుకుంటున్నాం. అక్కడి వాళ్లు మొదట ఎన్ని వదిలారో రాస్తారు, తర్వాతే ఎన్ని వచ్చాయో రాస్తారు. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎందుకు వచ్చిందో వెతుకుతారు. మన బడిలో చేరినవాళ్లు ఎందరు? మధ్యలో పోయినవాళ్లు ఎందరు? వాళ్లు ఇంట్లో ఏం తిని బడికి వచ్చేవాళ్లు? మా రోజుల్లో హైస్కూల్లో మధ్యాహ్న భోజనం లేదు. పక్క బెంచీ వాడు మధ్యాహ్నం ఏం తింటాడో నేను ఒక్కసారీ అడగలేదు.

కాబట్టి నా విన్నపాలు రెండే. ఒకటి, ఆ నాలుగో గడిలో అక్షరాలు మార్చండి. "బడిలో చేరిన సంవత్సరం" అని పెట్టండి. ఒక్కరోజు చదివినా ఈ బడి పిల్లవాడే. రెండు, బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. హెడ్మాస్టరు గారు అనుమతిస్తే ప్రతి బ్యాచ్ వాళ్లు ఒకరోజు కూర్చుని, చేరి మధ్యలో ఆగిపోయిన తమ వాళ్ల పేర్లు రాసుకుందాం. వాళ్ల ఇళ్లకు పోదాం. సన్మానాలు వద్దు, శాలువాలు వద్దు. ఎట్లున్నావురా అని అడుగుదాం. వాళ్ల మనవలు ఇప్పుడు ఈ బడిలోనే ఉంటే, వాళ్లు మధ్యలో ఆగకుండా ఏం కావాలో తెలుసుకుందాం. మన నిధి దానికి ఖర్చయితే అంతకంటే ఏం కావాలి? నేను ఇంకా రెండు వారాలు ఇక్కడే ఉంటాను. మా బ్యాచ్ పని నాది.

ఆ తొమ్మిది కిలోల చేప ఏమైందని అడుగుతారు కదా. మా ఆవిడ చింతపండు పులుసు పెట్టింది. సాల్మన్‌కు కొవ్వు ఎక్కువ, మన పులుసుకు నప్పదు. మన రవ్వకున్న రుచి రాలేదు. మిత్రుడికి చెబితే, "గా ముక్క ముందుగాల తెల్వదా" అన్నాడు.

ఈ సభ అయిపోగానే నేను చెరువు దగ్గరికి పోతున్నాను. పొద్దుగూకే వేళకు వాడు తెప్ప ఒడ్డుకు తెస్తాడు. సభ్యత్వ ఫారం ఒకటి జేబులో పెట్టుకున్నాను. పేరు, ఊరు, ఫోన్ నంబరు నేనే రాశాను. నాలుగో గడి ఒక్కటి ఖాళీగా ఉంది. అందులో ఏం రాయాలో పెద్దలు నేను బయలుదేరే లోపు చెప్పాలని కోరుతున్నాను.